ఆకాశంలో లేని అల

"ఇఫీ ఆకులు కోసుకొచ్చాను. దండ నేనే కట్టుకుంటాను, ఎవరి సాయం అక్కర్లేదు. పేసీ, ఆ మాట మీ వదినకి చెప్పు."

సాలేసి గొంతు వంటపాకలోంచి వచ్చింది. మధ్యలో ఉన్నది ఒక్క కొబ్బరాకు దడి. ఇంటి అరుగు మీద లాప్‌టాప్ ముందు కూర్చున్న సైనీకి తమ్ముడి ప్రతి మాటా వినిపించింది.

పాక గుమ్మంలో నిలబడ్డ పేసీ లోపలున్న మొగుణ్ణి ఒకసారి, అరుగు మీదున్న ఆడపడుచుని ఒకసారి చూసింది.

"వదినా, ఆయన ఏమంటున్నాడంటే..."

"విన్నాను పేసీ."

"వింటే విన్నారు. నేను చెబితేనే చెప్పినట్టు."

ఈ దీవుల్లో ఈడొచ్చిన అక్కాతమ్ముళ్లు ఒక గదిలో కూర్చోరు, ఒకరి మొహం చూసి ఒకరు చేదు మాట అనుకోరు. ఆ మాటలు మోయడానికి పేసీ ఉంది. పెళ్లై వచ్చిన నాటి నుంచీ ఆ గుమ్మమే ఆమె చోటు. మామూలు రోజుల్లో అయితే, "మాటకో కొబ్బరికాయ చొప్పున కూలి ఇప్పించండి, ఈపాటికి నాకో తోట ఉండేది" అని నవ్వించేది. ఇవాళ మోయవలసింది తన సొంత తండ్రి గురించిన మాట.

"ఆకులు దేనికని అడుగు," అంది సైనీ. దేనికో ఆమెకు తెలుసు.

"దేనికేమిటి?" పాకలోంచి జవాబు నేరుగానే వచ్చింది, కానీ పేసీ పేరు మీద. "పేసీ, మధ్యాహ్నం ఊరు కూడుతోంది. చిరుగుల చాప నడుముకి చుట్టుకుని, మెడలో ఆకులేసుకుని మీ వాళ్ల ముందు క్షమాపణకి తలొంచుకుని కూర్చుంటాను. క్షమిస్తే దండ వాళ్లే తీస్తారు. మా అక్క జాగ్రత్తగా ఉండమంది, అంతే. తొందరపడి గంట కొట్టింది నేను. అలా చెబుతాను. ఊరి అధికారి పని కూడా ఇవాళ్టితో వదిలేస్తాను. ఇందులో మాట్లాడ్డానికేం లేదని చెప్పు."

పేసీ చెప్పలేదు. దడి మీద వేళ్లు పెట్టి ఒక ఆకు ఈనెను లాగుతూ నిలబడింది.

"జాగ్రత్తగా ఉండమనలేదు," అంది చివరికి, ఎవరివైపూ చూడకుండా. "ఫోనెత్తింది నేను. 'ఖాయమేనా' అని మీరే నాచేత అడిగించారు. 'ఖాయం, గంట కొట్టమను' అన్నారు వదిన. ఆ మాట మీకు అందించింది నేనే. మా నాన్నని గుట్ట ఎక్కమని అరిచిందీ నేనే."

పాకలో చప్పుడు ఆగిపోయింది.

సైనీ తెర వైపు తిరిగింది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. అదే ఆమె భయం.

*

గురువారం పొద్దున ఇదే తెర మీద అల లేచింది.

సైనీ హైస్కూల్లో సైన్స్ టీచరు. అది జీతం కోసం. ప్రాణం పెట్టింది మాత్రం ఆకాశం పైపొర మీద. సూర్యుడి తీక్ష్ణ కిరణాలకి గాలి అణువులు చిట్లి ఎలక్ట్రాన్లు విడివడే పొర అది, అయనావరణం. దారి చూపే ఉపగ్రహాల సంకేతాలు ఆ పొరను దాటుకుని నేలకు వస్తాయి. దాటేటప్పుడు కాస్త ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యాన్ని కొలిస్తే పొర ఎక్కడ చిక్కగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో, ఎక్కడ ముడత పడిందో తెలుస్తుంది. కింద సముద్రం ఎత్తున లేస్తే పైన ఆ పొర కూడా ఊగుతుంది. అగ్నిపర్వతం పేలి నీళ్లు ఊళ్లోకి వచ్చిన తర్వాత హాపై దీవుల్లో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా చెప్పనవసరం లేదు.

మేనత్త అకనేసి పెరట్లో ఒక స్తంభం, దాని నెత్తిన యాంటెన్నా. ఏడాదిగా అది ఆకాశాన్ని వింటోంది. ఆరు నెలల కింద నైరుతి దిక్కున ఒక కొత్త సంగతి కనపడింది. ఎలక్ట్రాన్ల పొరలో చిన్న అల. రోజూ అక్కడే, అదే ఆకారం. సముద్రం అడుగునున్న కొండ మీదుగా పొర శాశ్వతంగా ముడత పడిందని సైనీ రాసింది. దానికి మేనత్త పేరు పెట్టింది. అకనేసి అల.

గురువారం ఆ అల మూడింతలైంది. స్కూల్లో ఉన్న సైనీ పేసీకి ఫోన్ చేసింది. సాలేసి మామిడి కొమ్మకు వేలాడే పాత గ్యాస్ సిలిండర్ మీద ఇనుప కడ్డీతో కొట్టాడు. ఊరంతా బడి వెనక గుట్ట మీదికి పరిగెత్తింది.

సముద్రం కదల్లేదు.

పగడపు రాళ్ల మీద జారిపడ్డ అయిసేయా కూడా కదల్లేదు. పేసీ తండ్రి. తుంటి విరిగింది, తల రాయికి తగిలింది. విమానంలో రాజధాని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆపరేషన్ అయింది. కళ్లు తెరవలేదు.

*

ఫోన్ మోగింది. బ్రిస్బేన్ నుంచి హెలెన్. యాంటెన్నా పంపినావిడ, వ్యాసం మీద రెండో పేరు ఆవిడది.

"సైనీ, ముందు ఆ పెద్దాయన ఎలా ఉన్నారు?"

"అలాగే ఉన్నారు."

"నిన్ను నువ్వు తిట్టుకోకు. అనుమానం వచ్చాక చెప్పకుండా ఉండటం కంటే చెప్పడమే మంచిది." హెలెన్ కాస్త ఆగింది. "ఇంకో సంగతి అడగాలి. నిన్నటి నుంచి అల లేదు. తగ్గడం కాదు, అసలు లేదు. గీత నున్నగా ఉంది. ఆరు నెలల్లో ఒక్కరోజు కూడా ఇలా లేదు. అక్కడేమైనా మారిందా?"

పెరటి దారిలో ఇద్దరు మనుషులు నడిచి వెళ్లడం సైనీకి అరుగు మీంచి కనిపిస్తూనే ఉంది. అయిసేయా ఇంటికి వెళ్తున్నారు. అక్కడ పరామర్శకు వచ్చేవాళ్లకి ఎండ తగలకుండా నిన్న పొద్దున్నే కొత్త పందిరి వేశారు. పందిరి మీద రేకులు తళతళా మెరుస్తున్నాయి. అకనేసి తన పెరట్లోని చాపలల్లే షెడ్డు విప్పించి, ఆ రేకులన్నీ పంపించింది.

"ఏమీ మారలేదు," అంది సైనీ.

"సరిగ్గా చూశావా? స్తంభం చుట్టుపక్కల?"

"చూశాను. ఏమీ మారలేదు."

ఫోన్ పెట్టేసి తలెత్తింది. పాక గుమ్మంలో పేసీ ఇంకా నిలబడే ఉంది. ఆమెకు ఇంగ్లీషు బాగానే వచ్చు.

"ఏం మారలేదు వదినా?"

"ఏం లేదు. పరికరం గురించి."

పేసీ తలూపింది. నమ్మినట్టు కాదు, నమ్మనని చెప్పడానికి ఓపిక లేనట్టు.

సైనీ లేచి నడుముకి చాప చుట్టుకుంది. మేనత్త ఇంటికి మామూలు బట్టలతో వెళ్లడానికి లేదు.

దారంతా ఒకటే లెక్క నడిచింది మనసులో. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం యాంటెన్నాకి సూటిగా తగలాలి. పక్కన రేకుల కప్పు ఉంటే అదే సంకేతం రేకు మీద పడి ఎగిరి రెండోసారి తగులుతుంది. చర్చిలో పాట, దాని మారుమోత కలిసి చెవిన పడ్డట్టు. ఒకసారి కలిసి పెరుగుతాయి, ఒకసారి కొట్టుకుని తగ్గుతాయి. తెర మీద అది అచ్చం అలలా ఉంటుంది. ఉపగ్రహం రోజూ అదే దారిలో వస్తుంది కాబట్టి ఆ అల కూడా రోజూ వస్తుంది. వచ్చే వేళ మాత్రం రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంది. అల కూడా అంతే జరిగింది. పొరలోని ముడత కదలకుండా ఒకేచోట ఉన్నా తెర మీద ఇలాగే కనిపిస్తుందని తనకు తాను చెప్పుకుంది. ఆ మాటలో తప్పు లేదు. రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి ఒక్కటే దారి, యాంటెన్నా తీసి ఇంకోచోట పాతడం.

అకనేసి షెడ్డుకి రేకులేసిన వారంలోనే అల మొదలైంది. బుధవారం సాయంత్రం ఆ షెడ్డుకి ఇంకో వరస రేకులు కలిపారు. గురువారం అల మూడింతలైంది.

ఇందులో కొత్తగా తెలిసినదేమీ లేదు. రేకులేసిన వారంలోనే ఒకరోజు స్తంభం కింద నిలబడి ఆ మెరుపు కళ్లలో పడి సైనీ తల తిప్పుకుంది. ఆ ఒక్క క్షణంలో అంతా తట్టింది. అయినా మేనత్త పెరట్లో మేనత్త ఇచ్చిన చోటు అది. పాస్టరు ప్రార్థన చేసి, పందిని కాల్చి, ఊరికి పెట్టి పాతించిన స్తంభం. 'ఇక్కడొద్దు, పీకేస్తాను' అని ఇంటికంతటికీ పెద్దదైన తండ్రి అక్కతో ఎవరంటారు? 'మీ రేకులు తీయించండి' అని ఎవరంటారు? మేనత్త తిన్నాక మిగిలింది తిని పెరిగిన పిల్ల సైనీ.

అడగలేదు. వ్యాసం రాసింది.

*

అకనేసి తాటి చెట్టంత మనిషి. కూర్చున్నా ఎదుటివాళ్లు తలెత్తి చూడాల్సినట్టే ఉంటుంది. షెడ్డు లేదు కాబట్టి చెట్టు నీడన కూర్చుని మొగలాకు చీల్చుకుంటోంది. పక్కన టీ, గట్టి బిస్కెట్లు.

సైనీ దూరంగానే వంగి, కాళ్లు ముడుచుకుని కింద కూర్చుంది.

"నీ నడకలోనే తెలుస్తోంది," అంది అకనేసి తలెత్తకుండా. "అడగడానికి వచ్చేటప్పుడు వేగంగా వస్తావు. ఇవాళ ఈడ్చుకుంటూ వచ్చావు. చెప్పడానికొచ్చావు. చెప్పు."

సైనీ చెప్పింది. సంకేతం, రేకు, మారుమోత. తక్కువ మాటల్లో చెప్పాలనుకుంది కానీ మాటలు పెరిగాయి. అకనేసి మధ్యలో ఒక్కసారి కూడా చెయ్యి ఆపలేదు. ఆకు సన్నటి పట్టీలుగా చీలుతూనే ఉంది.

"అంటే ఆకాశంలో నా పేరు లేదన్నమాట."

"లేదత్తా."

"నా షెడ్డు మీద ఉంది."

సైనీ ఒడిలో పడ్డ ఆకు పీచు ఏరి పక్కన పెట్టింది.

"మహిళా సంఘం సభలో చెప్పాను. మూడు దీవుల వాళ్లు కూర్చుని ఉన్నారు. చచ్చాక పైకెళ్తే దేవుడు పేరు అడగడు, ముందే రాసుంది అన్నాను. అందరూ నవ్వారు." పట్టీ మోకాలి మీద సాఫు చేసింది. "పాస్టరమ్మ నా చెయ్యి ముద్దు పెట్టుకుంది. ఇప్పుడు కడుక్కోమని చెప్పు."

"అత్తా, నేను..."

"ఒక్క మాట చెప్పు. స్తంభం అవతల చిలగడదుంపల మడిలోకి మార్చమని నువ్వు అడిగి ఉంటే, నేనేం అనేదాన్ని?"

"తెలియదత్తా."

"మార్చుకోమనేదాన్ని. ఆ దుంపలెలాగూ పురుగు పట్టిపోయాయి." అప్పుడు మొదటిసారి మేనకోడలి మొహం చూసింది. "నేను రాక్షసినా సైనీ?"

"కాదు."

"మరెందుకు అడగలేదు?"

"మిమ్మల్ని అడగకూడదని..."

"ఎవరు చెప్పారు? నేను చెప్పానా?"

సైనీ తల ఇంకా కిందికి దించింది. జవాబు ఉంది. అది పైకి అనగలిగేది కాదు. అడక్కపోతే అల ఉండిపోతుంది. అడిగితే పోతుంది. గౌరవం అడ్డొచ్చిందన్నది నిజమే, కానీ ఆ అడ్డు తనకు సుఖంగా ఉంది.

అకనేసి బిస్కెట్ టీలో ముంచి తింది. ఒకటి మేనకోడలి వైపు తోసింది. సైనీ ముట్టుకోలేదు.

"మీ తమ్ముడు ఆకులు కోసుకున్నాడట కదా."

"నేనే చెప్పాలనుకుంటున్నాను. ఊరి ముందు."

"ఏమని? అకనేసి రేకుల వల్ల అయిసేయా పడ్డాడనా?"

"నా తప్పు వల్ల అని."

"నీ తప్పు అని నువ్వంటావు. రేకులు అని వాళ్లు వింటారు." గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "నేనుండగా అలాగే అంటారు, పోయాక సమాధి మీద పువ్వులు పెడుతూ కూడా అదే అంటారు. సాలేసి మగపిల్లాడు. అక్క పరువు కాయడానికే పుట్టాడు. వాణ్ణి కాయనీ. మధ్యాహ్నం నువ్వు నా పక్కన కూర్చుంటావు, నోరు తెరవవు. వెళ్లు. ఆ బిస్కెట్ తీసుకెళ్లు."

సైనీ పుట్టిన తర్వాత మేనత్త ఒక పని చెయ్యమంటే చెయ్యకుండా ఉన్నది లేదు. బిస్కెట్ తీసుకుంది. వంగి, వెనక్కి నడుస్తూ, గేటు దాటేదాకా వీపు చూపించకుండా వచ్చింది.

దారిలో ఇఫీ చెట్టు దగ్గర ఆగింది. కింది కొమ్మకు ఆకులు లేవు. పొద్దున సాలేసి కోసుకుపోయాడు.

పై కొమ్మకు ఉన్నాయి.

*

చర్చి హాలు నిండిపోయింది. ముందు వరసలో అయిసేయాకి అన్నయ్య అయిన కిటియోనే, ఆయన పక్కన వాళ్ల మనుషులు. పేసీ ఇవాళ పుట్టింటి వైపు కూర్చుంది. అకనేసి తన కుర్చీలో ఉంది. పక్కన పరిచిన చాప ఖాళీగా ఉంది.

సాలేసి తలుపు దగ్గర, అందరికన్నా కింద, నేల మీద కూర్చున్నాడు. నడుముకి తాతల కాలం చాప, అంచులు ఊడి వేలాడుతున్నాయి. మెడలో పచ్చటి ఆకులు గడ్డం దాకా ఉన్నాయి.

"పెద్దలు క్షమించాలి," అన్నాడు నేలకేసి చూస్తూ. "మా అక్క జాగ్రత్తగా ఉండమని చెప్పింది. తొందరపడింది నేను. గంట..."

తలుపు దగ్గర అలికిడైంది. ముందు ఆడవాళ్లు తిరిగి చూశారు, తర్వాత అందరూ చూశారు.

సైనీ లోపలికి వచ్చింది. చిరుగుల చాప. మెడలో ఆకులు. హాలు చివర ఆడవాళ్ల వైపు వెళ్లలేదు, మేనత్త పక్కకీ వెళ్లలేదు. తమ్ముడికి చేతి దూరంలో కూలబడింది.

ఒక ముసలామె అరచేత్తో నోరు మూసుకుంది. సాలేసి గభాల్న మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అతని చెవులు ఎర్రబడటం సైనీకి కనపడింది. అంత దగ్గరగా తమ్ముణ్ణి చూసి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు.

"నా తమ్ముడు చెప్పింది నిజం కాదు," అంది. "నేను జాగ్రత్తగా ఉండమనలేదు. ఖాయం అన్నాను. గంట కొట్టమన్నాను. ఆకాశంలో అల లేదు. ఎప్పుడూ లేదు. యాంటెన్నా పక్కనున్న రేకుల మీద పడి ఉపగ్రహం సంకేతం రెండుసార్లు వచ్చేది. దాన్ని నేను అల అనుకున్నాను. యాంటెన్నా అక్కణ్ణించి జరిపి చూడాల్సింది. జరపలేదు. తప్పు నాది."

వెనక నుంచి ఒక జాలరి గొంతు వినపడింది.

"అంటే మేము సముద్రానికి కాదు, అకనేసిగారి షెడ్డుకి భయపడి పరిగెత్తామా?"

ఎవరో నవ్వారు. నవ్వు వరసలు దాటింది. ముందు వరసలో కూడా ఒకరిద్దరు ఆపుకోలేక భుజాలు కదిపారు. తిడతారని సిద్ధపడి వచ్చిన సైనీకి ఎటు చూడాలో తెలియలేదు.

"నా పందిపిల్ల కూడా గుట్టెక్కింది," అందొక ఆడమనిషి. "అది ఇంకా దిగలేదు."

"మళ్లీ గంట మోగితే ముందు షెడ్డు చూసొస్తాం, తర్వాత పరిగెడతాం."

"తర్వాత కాదు," అన్నాడు మొదటి జాలరి. ఈసారి గొంతులో నవ్వు లేదు. "నేను పరిగెత్తను. పోయినసారి నీళ్లు నా ఇల్లు తీసుకుపోయాయి, అయినా పరిగెత్తను. ఈవిడ చెప్పిందంటే ఇంట్లోనే కూర్చుంటాను."

నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న తల్లులు అతన్ని చూశారు, తర్వాత సైనీని చూశారు.

కుర్చీ కిర్రుమంది. అకనేసి లేచి నిలబడింది. ఆమె నిలబడేసరికి కూర్చున్న వాళ్లంతా ఇంకాస్త కిందికి ఒదిగారు.

"రేకులు నావే. పెరడు నాదే," అంది. "ఎవరికైనా ఇంకా నవ్వు మిగిలుంటే నా ఎదురుగా నవ్వండి."

ఎవరికీ మిగల్లేదు. అకనేసి మేనకోడలి వైపు చూడలేదు. ఖాళీ చాపను కాలితో పక్కకు జరిపి మళ్లీ కూర్చుంది.

కిటియోనే నెమ్మదిగా మోకాళ్ల మీద బరువు పెట్టి లేచాడు. ముందు సాలేసి దగ్గరికి వచ్చాడు.

"నువ్వు విన్నది చేశావు. నీళ్లు వచ్చి, నువ్వు కొట్టకపోయి ఉంటే తిట్టడానికి ఇక్కడెవరం ఉండేవాళ్లం కాదు." వంగి దండ తీశాడు. "ఇంకోసారి అబద్ధం చెప్పకు. నీకు రాదు."

సాలేసి భుజాలు కిందికి జారాయి. ఏడుస్తున్నాడో లేదో తెలియకుండా మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

కిటియోనే సైనీ ముందు నిలబడ్డాడు. ఆయన పాదాల వేళ్లు మాత్రమే ఆమెకు కనపడుతున్నాయి. చెయ్యి రాలేదు.

"నువ్వు నిజం చెప్పావు. అందుకు సంతోషం," అన్నాడు. "కానీ ఇది నేను తీయకూడదు. పడుకున్నవాడు నాకు తమ్ముడు, దానికి తండ్రి. పేసీ, లేమ్మా."

పేసీ లేచి వచ్చింది. ఇవాళ ఎవరి మాటా మోసుకురావడం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడిచింది. సైనీ ఎదురుగా కూర్చుంది. దండకు రెండు వైపులా వేళ్లు వేసింది. ఆ వేళ్లు చల్లగా మెడకు తగిలాయి.

"వదినా, ఒకే ఇంట్లో తింటున్నాం, నా పిల్లలు మీ కళ్ల ముందే తిరుగుతున్నారు," అంది చిన్నగా. పక్కవాళ్లకే వినపడేలా. "మీ మీద కోపం ఉంచుకోవాలని లేదు. మనుషులం, పొరబడతాం. మా నాన్న లేచినా అదే అంటాడు. మీరు పొరబడ్డారు, అంతేగా?"

సైనీ తలూపితే చాలు. ఒక్కసారి.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అంది పేసీ. "నిన్న రేకులు తీశాక, కదూ? పొద్దున ఆ ఫోన్‌లో మీరు దాచారు. దాచినందుకు నాకేం లేదు. భయపడ్డారు. నిన్ననే తెలిసింది, అంతే కదా వదినా?"

అడగడం కాదది. ఎటు అడుగెయ్యాలో చూపించి, చెయ్యి పట్టుకుని దాటిస్తోంది. ఇన్నేళ్లూ ఇద్దరి మధ్య చేదు మాటల పదును తీసి అందించినట్టే ఈ మాట కూడా అందిస్తోంది. అవునంటే దండ మెడలోంచి తీసేస్తుంది. ఈ సాయంత్రం ఇంట్లో అందరూ కలిసి అన్నం తింటారు.

దూరంగా కుర్చీలో అకనేసి మెడ కొద్దిగా ముందుకు వంగింది.

"అనుమానం ముందే ఉంది," అంది సైనీ.

"ముందంటే? గంటకి ముందా?"

"రేకులేసిన వారంలోనే. నువ్వు ఖాయమేనా అని అడిగినప్పుడు కూడా ఉంది."

పేసీ వేళ్లు దండ మీద అలాగే ఉండిపోయాయి. ఆమె మొహంలో కోపం వస్తుందని సైనీ ఎదురుచూసింది. రాలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కళ్లు రెండుసార్లు కదిలాయి. తండ్రిని చెయ్యి పట్టుకుని లేపి, తొందరగా నడువు నాన్నా అని అరిచి, తను ముందు పరిగెత్తిన దారి అంతా ఆ కళ్లలో తిరిగింది.

"నేను రెండుసార్లు అడిగాను," అంది పేసీ. "ఆయన ఒకసారే అడగమన్నాడు. రెండోసారి నా అంతట నేనే అడిగాను. మా నాన్న గుట్టెక్కలేడని."

"గుర్తుంది."

పేసీ వేళ్లు తీసేసింది. చేతులు ఒళ్లో తుడుచుకుని లేచింది. తన వాళ్ల వైపు వెళ్లలేదు, మొగుడి వైపూ వెళ్లలేదు. తలుపు తీసుకుని ఎండలోకి నడిచి వెళ్లిపోయింది.

కిటియోనే కాసేపు ఆ తలుపు వంకే చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి తన చోట కూర్చుని, ప్రార్థన మొదలుపెట్టమని పాస్టరుకి సైగ చేశాడు.

అందరూ లేచి నిలబడ్డారు. మెడలో ఆకులున్నవాళ్లు లేవకూడదు. సైనీ ఒక్కతే నేల మీద ఉండిపోయింది.